ముందు ఏ ఊరూ లేని పేరు

తమ్ముడూ సూర్యప్రకాశ్,

తాండూరు నుంచి అన్న రాస్తున్నాడు. చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

బండల దుకాణం పంచుకున్నప్పుడు నాయన పేరు ఎవరిదన్న దగ్గరే మన మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా, వెబ్‌సైటు కోసం, ఆ పేరు నా బిడ్డ నిఖిల తీసుకుందని నీకు కోపం వచ్చిందట. కానీ అక్కడ పేరును పంచుకోవాల్సిన పనే లేదు.

"పేరు మనదైతే దాని ముందట ఏ మాటైనా పెట్టొచ్చు డాడీ. తాండూరు అని పెడితే మన దుకాణం, వికారాబాద్ అని పెడితే చిన్నాయిన దుకాణం. ఒక్కోదానికి దాని సైటున్న కంప్యూటర్ నంబరు రాసిపెడితే అయిపాయె," అన్నది నిఖిల.

ప్రపంచంలో ఎవరు ఎక్కడ ఆ పేరు కొట్టినా, వాళ్ల కంప్యూటర్ మొదట ఆ నంబరు అడిగి తెలుసుకుని, రెప్పపాటులో అక్కడికి తీసుకుపోతుందట. నాయన ఒక్కడే రెండు ఊళ్లలోనూ ఉన్నాడు కదా! నీ సైటు నంబరు నీ కొడుకు మనీషే ఇచ్చాడు. వాణ్ని ఏమీ అనకు.

తర్వాత నిఖిల అడిగింది: "ముందట ఏ ఊరూ లేకుండ ఉత్త తాత పేరే కొట్టినోళ్లు ఎవలి దగ్గరికి పోవాలె?"

వికారాబాద్ నంబరే రాయమన్నాను.

ఇవాళ నా ఫోన్‌లో ఉత్త నాయన పేరు కొట్టి చూశాను. నీ దుకాణం పేజీ తెరుచుకుంది. గోడకు నాయన ఫోటో, దాని కింద గల్లా దగ్గర నువ్వు.

నీ జుట్టంతా ఎప్పుడు నెరిసింది, తమ్ముడూ?

నీ అన్న