పిన్ని కాలు జారలేదు

ఇంట్లో లాయరమ్మ అనీ, కళాశాల వక్తృత్వ సంఘంలో కార్యదర్శి అనీ పిలువబడే నేను, స్వరపేటిక మీద మొలిచిన చిన్న కాయను తీయించుకోవడానికి సోమవారం ఆసుపత్రిలో చేరుతున్నాను. అందువల్ల, తెలివి నిలకడగా ఉన్నప్పుడే, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, నా గదిలో నా బల్ల ముందు కూర్చొని ఈ మరణశాసనం రాస్తున్నాను. శస్త్రచికిత్స చిన్నదేననీ, ఆ తర్వాత కొన్నాళ్ళు మౌనంగా ఉండటమే నాకు పెద్ద కష్టమనీ వైద్యురాలు అన్నది. అయినా వాదన మొదలుకాకముందే ముగింపు రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. 'స్వస్థచిత్తంతో' అన్న మాట ఇక్కడ రాయవలసి ఉంది. నా చిత్తం మీద నాకే ఈమధ్య నమ్మకం సన్నగిల్లింది గనుక, ఆ మాటను చట్టం కోసం మాత్రమే చేరుస్తున్నాను.

1. ఈ శాసనాన్ని అమలుపరచే బాధ్యతను ఎదుటి కళాశాల వక్తకు అప్పగిస్తున్నాను. అంతర కళాశాలల పోటీలో ఇతడు నా గురించి "ఈవిడకి ఆవేశం మూరెడు, ఆధారం బెత్తెడు" అని సభ మొత్తాన్నీ నవ్వించాడు. ఆ మాటకు నేటికీ ఇతనితో సరిగా మాట్లాడను. అయితే నా మాటల హోరుకు కొట్టుకుపోని మనిషి నాకు తెలిసి ఇతడొక్కడే. కనుక ఈ నియామకానికి పగ అడ్డు కారాదు.

2. నా పుస్తకాలన్నీ సంఘం గదికి చెందుతాయి. అంచుల్లో నేను రాసిన ఖండనలను ఎవరైనా చెరపదలిస్తే చెరపవచ్చు. చాలావాటిలో రచయితదే న్యాయం.

3. కప్పులూ షీల్డులూ ఎవరికీ అక్కర్లేదని ఎరుగుదును. బరువైనదాన్ని సంఘం గది తలుపుకు అడ్డుపెట్టుకోవచ్చు. గాలికి అది ఊరికే మూసుకుపోతుంటుంది.

4. తీగలు అతికే నా సోల్డరింగ్ ఐరన్‌ను మా తరగతిలో చేతిపని తెలిసిన ఏ విద్యార్థికైనా ఇవ్వవచ్చు. షరతు ఒక్కటే: వస్తువు ఎవరిదో వారు తమంతట తాము అడిగితే తప్ప దాని మూత విప్పకూడదు. వాదించి ఒప్పించడం అడగడం కిందికి రాదు.

5. నా స్వాధీనంలో ఉన్న వా పెడల్‌ను, దాని పాత భాగాలున్న గుండీల డబ్బాతో సహా, మా పిన్నికి రాసి ఇస్తున్నాను. కారణం వివరించకపోతే ఈ దానం అర్థం కాదు.

వా పెడల్ అంటే కాలి కింద ముందుకూ వెనక్కూ ఊగే పలక ఉన్న ఇనప పెట్టె. గిటారు స్వరం దాని గుండా పోతున్నప్పుడు పలక ఊగినకొద్దీ, నోరు తెరిచి మూస్తున్నట్టు, ఆ స్వరం మాట్లాడుతుంది. మా పిన్ని పగలు దుస్తుల కర్మాగారంలో మోటారు మిషను మీద కాలర్లు కుడుతుంది. సాయంత్రాలు ఒక హోటల్ బృందంలో గిటారు వాయిస్తుంది. రెండు చోట్లా ఆమెకు ముఖ్యం కుడికాలే.

పాత వాయిద్యాలు అమ్మే దుకాణంలో ఈ పెడల్ కొన్ననాడు నేనూ వెంట ఉన్నాను. నేల మీద మూడు పెట్టారు. నేను ఫోనులో చదివిన గుణగణాలన్నీ ఏకరువు పెట్టి, అన్నిటికన్నా స్వరం విస్తారంగా తిరిగేదాన్ని కొనమన్నాను. పిన్ని చెప్పు విప్పి, ఒట్టి పాదంతో మూడింటినీ తొక్కి చూసింది. "ఇది అరుస్తోంది. ఇది ముక్కుతో మాట్లాడుతోంది. ఇది చూడు, లోలోపల సణుగుతోంది, అచ్చం మీ బాబాయిలాగే. నాకు ఇదే కావాలి" అని మూడోది తీసుకుంది. దుకాణదారు నవ్వాడు. నేను నవ్వలేదు. ఓడిపోవడం నాకు చేతకాదు.

ఆ ఓటమిని ఇంటికి తెచ్చుకొని నేను మార్గం మార్చాను. ఆ పెడల్‌లో అసలు సర్క్యూట్‌తో పాటు, స్వరం బయటికి వెళ్ళేచోట, ఎవరో తర్వాత అతికించిన చిన్న పలక ఒకటి ఉంది. దాన్ని బఫర్ అంటారు. గిటారుకూ స్పీకరుకూ నడుమ ఎన్ని భాగాలుంటే స్వచ్ఛత అంత తగ్గుతుందనీ, అది తీసేస్తే స్వరం కడిగిన ముత్యంలా వస్తుందనీ నేను భోజనాల దగ్గరా, మెట్ల మీదా, ఆమె బట్టలు ఆరేస్తున్నప్పుడూ వాదించాను. "బాగున్నదాన్ని ఎందుకే కెలకడం?" అని మొదట అన్నది. చివరికి "నీతో వాదించి నెగ్గినవాళ్ళు ఇంకా పుట్టలేదులే. నీ నోటికో దండం. కానీ దాని సణుగుడు మాత్రం పోనియ్యకు" అన్నది. దీన్ని నేను అంగీకారంగా నమోదు చేసుకున్నాను. మూత విప్పి, పలక పీకి, తీగలు నేరుగా కలిపాను. ఇంట్లో వాయిస్తే బాగానే ఉంది. అయితే ఇంట్లో మేము వా ఒక్కటే వాయించి చూశాము. స్వరాన్ని గరుకుగా మార్చే ఫజ్ పెడల్‌ను ఇంట్లో వేయము. వేస్తే కింది వాటావారు కర్రతో కప్పు పొడుస్తారు. ఆ పలకను అతికించినవారు ఫజ్ ధాటికి వా పాడవకుండా ఉండాలనే అతికించారు. ఈ సంగతి నేను చదవలేదు. నా వాదనకు పనికివచ్చేవే చదివాను.

గత నెల రికార్డింగ్ స్టూడియోలో సంగీత దర్శకుడు పిన్ని వాయిద్యం విన్నాడు. నచ్చితే అక్కడ శాశ్వతంగా ఉద్యోగం, మిషను మానేయవచ్చు. రెండో పాటలో ఆమె ఫజ్ వేసి వా మీద కాలు మోపగానే, రైలు కూతలాంటి అరుపు వచ్చి, కాలు ఎంత ఊపినా స్వరం మారలేదు. దర్శకుడు చెయ్యెత్తి ఆపాడు. పిన్ని తన కాలి వంక చూసుకొని, "కాలు జారింది సార్, మన్నించండి" అన్నది.

నేను తీగల సంచీతో తలుపు పక్కన కూర్చొని ఉన్నాను. ఏమి జరిగిందో ఆ అరుపు వినగానే తెలిసింది. న్యాయనిర్ణేతల ముందు ఏనాడూ తడబడని నోరు అక్కడ తెరుచుకోలేదు. తిరుగు బస్సులో బృందం డ్రమ్మరు "వయసు కదక్కా, ముందు మోకాలికే తెలుస్తుంది" అన్నాడు. పిన్ని నవ్వింది. నేను కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుతూ కూర్చున్నాను. ఇంటికి రాగానే ఆమె పెడల్‌ను పాత గుడ్డలో చుట్టి, "నాకెందుకే ఇంక. నువ్వే ఉంచుకో, లోపలి సంగతులు నీకే తెలుసుగా" అని నా చేతిలో పెట్టింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బతికిపోయేదాన్ని.

పలకను తిరిగి అతికించాను. సంఘం గదిలో ఫజ్ వేసి చూశాను, ఇప్పుడు అరవదు. కానీ నా కాలి కింద అది సణగదు కూడా, తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత దర్శకుడు మళ్ళీ కబురు పంపితే, "నా కాలిని నేనే నమ్మలేకపోతున్నాను సార్" అని పిన్ని రానన్నది. కర్మాగారంలో కూడా తనను మిషను నుంచి గుండీలు కుట్టే బల్లకు మార్చమని సూపర్‌వైజరును అడిగింది. కావున ఈ నిబంధన ద్వారా ప్రకటిస్తున్నాను: పిన్ని కాలు జారలేదు. జారింది నా బుద్ధి.

6. మా బాబాయికి నా రేడియో చెందుతుంది. ఆయన సణుగుడు గురించి పైన వచ్చిన ప్రస్తావన పిన్నిది, నాది కాదు.

7. పై అయిదో నిబంధనను ఈ సాయంత్రం మళ్ళీ చదివి, రద్దు చేస్తున్నాను. శాసనం అమలయ్యేది నేను పోయాకనే. శస్త్రచికిత్స సవ్యంగా జరిగితే, సవ్యంగానే జరుగుతుందని వైద్యురాలి మాట, ఈ కాగితం నా సొరుగులోనే ఉంటుంది, పిన్ని గుండీల బల్ల దగ్గరే ఉంటుంది. అంటే నేను చస్తే తప్ప ఆమె కాలికి నిర్దోషిత్వం రాని ఏర్పాటు చేశాను. ఇంత పిరికి వాదన నా ప్రత్యర్థి చేసి ఉంటే అక్కడికక్కడే చీల్చి చెండాడేదాన్ని.

అందుచేత ఈ కాగితం పట్టుకొని వంటగదిలోకి వెళ్ళి, మొదటి వాక్యం నుంచి పై నిబంధన వరకు పైకి చదివాను. పిన్ని స్టవ్ ఆపి విన్నది. "అయితే కాలు బాగానే ఉందన్నమాట" అన్నది. స్టవ్ మీది గిన్నె దించి, "అంత నోరు పెట్టుకుని, ఆరోజు ఏమైందే?" అని అడిగింది. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను. క్షమించానని ఆమె అనలేదు, నేను అడగలేదు. ఆమె ఎదుటే దర్శకుడికి ఫోను చేసి, తప్పు నాదని చెప్పాను. "గురువారం రమ్మనమ్మా. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు" అన్నాడు.

తర్వాత పిన్ని చెప్పు విప్పి, "కింద పెట్టు. ఫజ్ కూడా పెట్టు" అన్నది. రెండూ వేసి వాయించింది. పెడల్ సణిగింది. కింది వాటావారు కర్రతో పొడిచారు. "పొడవనీ" అన్నది. ఆపలేదు.

8. కనుక వా పెడల్ నా ఆస్తి కాదు. ఈ సాయంత్రమే సొంతదారుకు చేరింది. శాసనం వల్ల లాభపడేవారు దానికి సాక్షులు కారాదని మా న్యాయశాస్త్ర విద్యార్థులు చెబుతారు. దీనివల్ల పిన్నికి ఇప్పుడు దక్కేది ఏమీ లేదు గనుక, ఆమె సాక్షి కావచ్చు. గురువారం నేను ఆ తలుపు పక్కనే కూర్చుంటాను. అప్పటికి నాకు మాట్లాడే అనుమతి ఉండదు. ఆరోజు వద్దన్నా మూసుకుపోయిన నోరు, ఈసారి వైద్యురాలి ఆజ్ఞ మీద మూసుకొని ఉంటుంది. వినడం మాత్రమే నా వంతు.

సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం సాయంత్రం, మా ఇంట్లో.

(సంతకం)
లాయరమ్మ

సాక్షులు:

ఒకటి: బృందం డ్రమ్మరు. అంతా చదివాకే సంతకం పెట్టాను. మోకాలి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రెండు: పిన్ని. వృత్తి, గిటారు.