చెయ్యి చాపనన్న అమ్మ

యేసు మరియ జోజప్పలు మనందరికీ తోడు

బొంబాయి

అన్నయ్యకి, వదినకి మీ తెరేజ వందనాలు. ఇక్కడ నేను కులాసా. మీరు, నా మేనల్లుడు జోజిగాడు, అమ్మ ఎలా ఉన్నారోనని రోజూ అనుకుంటాను. అమ్మ ఆయాసం తగ్గిందా? బిళ్లలు అయిపోతే రాయి, పంపుతాను.

నా సంగతంటే ఏముంది, వాన. ఈ ఆస్పత్రిలో నర్సుగా చేరి ఏడాది కావస్తున్నా ఈ వాన అలవాటు కాలేదు. తడి యూనిఫారం ఇస్త్రీ పెట్టి ఆరబెట్టుకుంటున్నాను. మెస్సులో రెండుపూటలా చపాతీలే. వదిన గోంగూర పచ్చడి పంపితే దాచుకుని తింటాను. వార్డులో పని ఎక్కువే గానీ బాధ లేదు. గది తలుపు వేసుకున్నాకే దిగులు.

ఆ దిగుల్లో మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తాను కదా, ఈసారి ఒకే వారంలో రెండొచ్చాయి. చదివి తల పట్టుకున్నాను. నువ్వు మూడు పేజీలు రాశావు, జోజిగాడి గురించి ఒక్క ముక్క లేదు. అంతా కొత్త ఫాదర్ గారి సంగతే. గుళ్లో పీఠం ముందు మనం మోకరించే కమ్మీ తీయించేశారని, ఇకమీదట పూజలో ఇచ్చే సత్ప్రసాదపు అప్పం ఎవరి నోటా పెట్టరని, నిలబడి చేతుల్లోనే తీసుకోవాలని, అమ్మ మొండికేసి నీ పరువు తీస్తోందని. అమ్మ పక్కింటి పిల్ల చేత రాయించింది రెండే ముక్కలు: "నేను చెయ్యి చాపనమ్మా. మీ అన్నయ్యకి చెప్పు." ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు బొంబాయి మీదుగా మాట్లాడుకుంటున్నారు. మీకు నవ్వు రాదా?

పీఠాధిపతి బిషప్పు గారి ఉత్తరంలో రెండు పద్ధతులూ సరేనని ఉందట కదా. పెద్దవాళ్లు అందులో సగం చదివి ఫాదర్ గారి మీదకి పోతున్నారు, కుర్రవాళ్లు మిగతా సగం చదివి పెద్దవాళ్ల మీదకి వస్తున్నారు. ముసలాళ్లు కొందరు కొల్లూరులో తొలి బస్సెక్కి తెనాలి పోయి, అక్కడి పాత గురువుగారి చేత నోట్లో పెట్టించుకుని వస్తున్నారట. ఆయాసంతో అమ్మ ఆ బస్సూ ఎక్కలేదు. అంటే ఈస్టరు నుంచి ఆమెకి సత్ప్రసాదం లేదు. అన్నం లేకపోయినా ఉంటుంది గానీ, అది లేకుండా ఆమె ఉండగలదా? ఊరందరికీ జపాలు నేర్పే ఉపదేశివి నువ్వు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

ఇంతా అని, ముందు నేనూ నీ పక్షమే. కాలం మారింది, గురువుల మాట వినకపోతే ఎలా, ఏంటీ పంతం అని అమ్మకి కోపంగా రాశాను.

ఇక్కడ గుళ్లో ఎవరికి నచ్చినట్టు వాళ్లు తీసుకుంటారు, ఎవరూ కొట్టుకోరు. నేనెప్పుడూ నోటనే. అమ్మకి చెప్పింది ముందు నేనే చేద్దామని పోయిన ఆదివారం మొదటిసారి చేతులు చాపాను. ఫాదర్ గారు ఆగిపోయారు. తన అరచేయి వెల్లకిలా చదునుగా పెట్టి, ఇలా అని చూపించారు. అప్పుడు చూసుకున్నాను. నేను దోసిలి పట్టాను, అన్నయ్యా. నడుం కూడా వంచాను.

ఎవరు నేర్పారు నాకది? కోతలప్పుడు ఆసామి గారి దొడ్డిగుమ్మం దగ్గర అమ్మ అలాగే పట్టేది. ఆ ఇంటి పెద్దమ్మగారు చెంబు తగలకుండా పైనుంచి నీళ్లు పోసేవారు. గుళ్లో ఒక్కచోటే ఆమె చేత ఎవరూ దోసిలి పట్టించలేదు. మన గుడికే వచ్చే ఆ పెద్దమ్మగారి పక్కనే మోకరిస్తే, అప్పటి ఫాదర్ గారు ఆవిడ నోట్లో పెట్టిన చేత్తోనే అమ్మ నోట్లోనూ పెట్టారు. అది పోయిందని అమ్మ ఏడుపు. మనం పంతం అనుకున్నాం. ఈ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని ఆమె మీదా విసుగే నాకు, కానీ ఎలా చెబుతుంది?

కొత్త ఫాదర్ గారిది చెడ్డ బుద్ధి కాదు. మీరు దేవుడి బిడ్డలు, తలెత్తుకుని నిలబడండి అంటున్నారట, మంచిమాటే. కానీ ఆమెని ఒక్కసారి అడగలేదు. నువ్వెళ్లి చెప్పు. పీఠాధిపతి గారి ఉత్తరం తీసుకుపోకు, వాదన పెట్టుకోకు, ఈ చెంబు సంగతి చెప్పు. జోజిగాడు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే రోజు వాడి పక్కన అమ్మ మోకరించాలి.

చెప్పడానికి నీకు నామోషీ అయితే ఒకటి గుర్తు చేసుకో. ఆ దోసిట్లో నీళ్లు అమ్మ తను ముందు తాగేది కాదు. నువ్వు మూతి పెట్టి తాగాక, నేను తాగాక, మిగిలిన తడి మొహానికి రాసుకుని మళ్లీ కోతకి పోయేది.

వదినకి, పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. జోజిగాడికి ముద్దులు. నా కోపపు ఉత్తరం అమ్మని చింపేయమను. ఆ చేతులు నా తల మీద పెట్టినట్టు, దీవించి ఒక్క ముక్క రాయించమను.

నీ చెల్లెలు
తెరేజ