అచ్చుకాని జవాబు

అక్టోబర్ 14

ప్రియమైన నాన్నకు,

ఫోన్లో అయితే "బాగున్నా" అని పెట్టేస్తానని ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను.

సోమవారం క్లాసు నుంచి వచ్చేసరికి నా గది తలుపు మీద నల్ల రంగుతో నాజీ గుర్తు గీసి ఉంది. గుమ్మానికి నువ్వు బిగించిన మెజూజా డబ్బీని పీకి కింద పడేశారు. దాని లోపలి ప్రార్థన కాగితం మీద ఎవరిదో బూటు ముద్ర. ఏడవలేదు. ఫోటో తీసి సెక్యూరిటీ వాళ్లకిచ్చి, బకెట్‌తో నీళ్లు తెచ్చి తుడిచాను. సగమే పోయింది. తర్వాత వెళ్లి భోంచేశాను. ఏం తిన్నానో గుర్తులేదు.

అంతకు ముందు వారం మా విద్యార్థుల పత్రికలో అనీస్ అనే అతను గాజా యుద్ధం గురించి వ్యాసం రాశాడు. అక్కడ అతని మేనత్త ఇల్లు బాంబులకు కూలిందట. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తిట్టాడు, అది అతని ఇష్టం. కానీ చివర్లో "వీళ్లు ఏ దేశంలో ఉన్నా ఇంతే" అన్నాడు. ఆ "వీళ్లు" అంటే యూదులందరూ. అందులో నేనూ ఉన్నాను, కళ్లద్దాల షాపులో కూర్చున్న నువ్వూ ఉన్నావు. జవాబు రాస్తున్నాను. వచ్చే సంచికలో వేస్తామన్నారు.

అమ్మకు తలుపు సంగతి చెప్పకు.

నీ రివ్కా

అక్టోబర్ 19

చిట్టితల్లి రివ్కాకు,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఆ వెంటనే వచ్చినామెకు ఇంకెవరివో కళ్లద్దాలు ఇచ్చి పంపేశాను. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. "మెండెల్, లోకమంతా వంకరగా కనిపిస్తోందయ్యా" అంది. నాకూ అంతేనమ్మా అన్నాను.

జవాబులూ గివాబులూ ఎందుకు తల్లీ? పరీక్షలు చూసుకో. ఆ అబ్బాయి పూర్తి పేరేమిటి? పత్రిక కాపీ ఒకటి పంపించు. ఊరికే, చదువుదామని.

అమ్మకు చెప్పలేదు. శుక్రవారం దీపాలు వెలిగించాక, పిల్ల ఫోన్ చేసిందా అని అడిగింది. చేసిందన్నాను.

ఎప్పుడూ నిన్నే తలుచుకునే
నాన్న

నవంబర్ 20

నాన్నకు,

రాసి నెల దాటింది. నువ్వడిగిన పత్రిక కాపీ మాత్రం అప్పుడే పోస్టు చేశాను. తలుపు పాడుచేసినవాళ్లు దొరికారు. కింది అంతస్తులో ఉండే ఇద్దరు మొదటి సంవత్సరం విద్యార్థులు. ఆ పత్రిక ఎప్పుడూ చదవలేదట. "సరదాకి చేశాం" అన్నారు. హాస్టల్ మార్చి, నాకు క్షమాపణ రాయించారు. అందులో నా పేరు కూడా తప్పే.

అనీస్‌ను మాత్రం సస్పెండ్ చేశారు. పత్రిక ఆపేశారు. "యూదు విద్యార్థుల భద్రత దృష్ట్యా" అని నోటీసు పెట్టారు. ఎవరో ఫిర్యాదు చేశారట, పేరు చెప్పరట. అందరూ నేనే అనుకుంటున్నారు. ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే మార్గో వేరే బల్లకు వెళ్లిపోయింది. "మీవాళ్ల మీద ఒక్క మాట పడకూడదా?" అంది. అదీ "వీళ్లు" లాంటి మాటే. పోనీలే అనుకున్నాను.

నా జవాబు అచ్చు కాలేదు. పత్రికే లేదుగా.

డీన్ దగ్గరికి వెళ్లాను. "నా తలుపు మీద గీయడం నన్ను బెదిరించడం. దాన్ని క్షమాపణతో సరిపెట్టారు. వ్యాసానికి నేనే జవాబు చెప్పుకోగలను. నా నోరు కూడా మూసేసి కాపాడామంటారేంటి?" అన్నాను. ఆవిడ రాసుకుంది.

బస్‌స్టాపులో అనీస్ కనిపించాడు.

"ఫిర్యాదు చేసింది నేను కాదు. కానీ నువ్వన్న ఆ మాట తప్పు" అన్నాను.

"ప్రభుత్వాన్నే అనాలనుకున్నా."

"అనాలనుకున్నది వేరు, అన్నది వేరు."

"మా మేనత్త ఇంకా దొరకలేదు" అన్నాడు. బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కలేదు.

వచ్చే గురువారం విచారణ. అతని తరఫున మాట్లాడతాను.

రివ్కా

నవంబర్ 24

రివ్కా,

ఫిర్యాదు చేసింది నేను.

నువ్వు పంపిన కాపీ జతచేశాను. నీకు తెలియకూడదని పేరు దాచమన్నాను. తలుపు మీద గీసింది అతనే అనుకున్నానని నీకు రాయబోయాను. అదీ నిజం కాదు. ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలనిపించింది. అది నీ నెత్తినే పడుతుందని తట్టలేదు.

నిన్న షాపు మూసి మీ డీన్ ఆఫీసుకు వచ్చాను. నీ గదిదాకా రాలేకపోయాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే, మొదలయ్యాక ఆపలేమన్నారు. గురువారం వచ్చి అందరి ముందూ నా పేరుతో చెప్తాను. నువ్వు నన్ను పలకరించక్కర్లేదు.

అమ్మకు అంతా చెప్పేశాను. మాట్లాడటం లేదు.

నాన్న

డిసెంబర్ 9

ప్రియమైన నాన్నకు,

తీర్పు వచ్చింది. అనీస్ జనవరిలో తిరిగి చేరతాడు. ఈ టర్మ్ పోయినట్టే. తలుపు మీద గీసినవాళ్లను మళ్లీ విచారిస్తారట. పత్రిక మొన్న బయటికొచ్చింది, నా జవాబు అచ్చయింది. దాని కింద అనీస్ నాలుగు లైన్లు రాశాడు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకున్నాడు. మిగతాదేదీ తీసుకోలేదు. మార్గో మాత్రం పాత బల్లకు రాలేదు.

విచారణలో నువ్వు లేచి "మా అమ్మాయి కాదు, నేను" అన్నావు. నాకు జాలేయాలి. కోపం రావాలి. ఏదీ రాలేదు. అనీస్ వాళ్ల నాన్న నీకు మంచినీళ్ల గ్లాసు అందించడం కూడా ఎవరికో జరుగుతున్నట్టే చూశాను.

సెలవులకు ఇంటికొస్తాను. కోపం ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన రోజు నోటికొచ్చినట్టు అంటాను. నువ్వు వినాలి. ఆ తర్వాత నువ్వు చెప్పేది నేను వింటాను.

నీ రివ్కా