కాలువలో కొట్టిన కొబ్బరికాయ

పరదేశంలో చిక్కుకున్న మనవాళ్ల సంగతి చూసే ఆఫీసరు గారికి,

గంభీరావుపేట నుంచి, ఓడలో వంటమనిషిగా పనిచేసే గంగాధర్ భార్య రాసుకుంటున్నది.

నా భర్త కాలువలోకి విసిరింది బాంబు కాదు, కొబ్బరికాయ. మా దగ్గర కాలువకు నీళ్లొస్తే పసుపు కుంకుమ వేసి కాయ కొడతాం. మా రెండెకరాలు మింగి, మాకు చుక్క ఇవ్వకుండా కిందికి పోయే కాలువకు కూడా కొట్టాం. ఓడ పరదేశంలో రెండు సముద్రాలను కలిపే పెద్ద కాలువలోకి పోగానే ఆయన అలవాటుగా అదే పని చేశాడు.

కాపలావాళ్లు పట్టుకున్నారు. కాలువ ఆ దేశంలోదే అయినా అధికారం పరాయి దేశంవాళ్లదట. ఓడకు దారి చూపే అక్కడి మనిషిని కూడా లోపల వేశారు. కాయ కొడుతుంటే పక్కన నిలబడి దండం పెట్టాడని.

"ఆ దారి చూపేటాయన తాతలు తవ్విన కాలువనేనంట. గిప్పుడు అండ్ల చెయ్యి కడుక్కోవాలన్నా ఈ పరాయోళ్లనే అడగాలంట" అని నా భర్త ఫోన్లో చెప్పాడు.

తనది కాని నీళ్లకు ఇకమీద మొక్కనని రాసిస్తేనే వదులుతారని మీ ఆఫీసువాళ్లు అన్నారు. రాసిస్తాడు, కింద నేనూ సంతకం పెడతాను. ముందు ఒక్క సంగతి చెప్పండి. మా ఊరి కాలువ కూడా ఆ 'తనది కాని నీళ్ల' లెక్కలోకే వస్తుందా?