గాడిద మామ తర్కం

కరీంనగర్

శంకరక్కకు, ఇక్కడ అందరం కుశలం. తర్కశాస్త్రం పరీక్ష తప్పిన నీ కొడుకు అంబదాసును మగ్గం పనికి పంపమని రాశావు. జర ఆగు.

నిన్న వాడు పుస్తకం ముందేసుకుని ఏడుస్తుంటే అన్నాను: "మేనమామలందరు గాడిదలే. నేను నీ మేనమామను. అంటే నేను గాడిదనే గద. గీ తర్కం సరిగున్నదా?"

వాడు కళ్లు తుడుచుకుని, "తర్కం సరిగ్గనే ఉన్నది మామా. మొదటి మాటనే అబద్ధం. తర్కం సరిగుండుడు వేరు, మాట నిజమవుడు వేరని పరీక్షల నాకు సమజ్ కాలే" అన్నాడు.

సెప్టెంబరులో మళ్లీ రాస్తాడు. బావ దగ్గు తగ్గిందా? సకినాలు పంపు. ఇప్పుడు నేనేం చెప్పినా "మొదటి మాట నిజమేనా మామా" అని ఆపుతున్నాడు. ఇంట్లో నాకు అబద్ధమాడే వీలు లేకుండా పోయింది. అయినా వాణ్ణి నా దగ్గరే ఉండనియ్యి. పిల్లలకు దీవెనలు.

తమ్ముడు రాజేశం