ఒడ్డు పొంటి తిప్పిన సబ్‌మెరైన్

జూన్ 3, సోమవారం

శనివారం నా సబ్‌మెరైన్ మునిగిపోయింది. పైనుంచి బాంబు పడింది, లోపలికి నీళ్ళు వచ్చాయి, తెర నల్లబడింది. ఈ రోజు ఆట మళ్ళీ మొదటికి. కంప్యూటర్ అడుగుతోంది — చిన్నదా, పెద్దదా? రెండు బొమ్మలూ పక్కపక్కన తిరుగుతున్నాయి. బాణం గుర్తు వాటి మధ్య పెట్టి కూర్చున్నాను. దుకాణానికి ఒకాయన వచ్చి ఆధార్ జిరాక్స్ తీయించుకుని పోయాడు. ఇంకా నొక్కలేదు.

అప్పుడే లత వచ్చింది. దుబాయి పనికి పోయిన మల్లేశం పెళ్ళాం. మొహం చూడగానే తెలిసిపోయింది, దుబాయిలో ఏదో అయిందని.

"అన్నా, నిన్న ఫోన్ చేసిండు. సేటు దుకాణం బందుపెట్టి పోయిండట. పాస్‌పోర్టులు గాయన తాన్నే ఉన్నయట. నలుగురు గా షట్టర్ లోపట్నే పంటున్రట."

ఎప్పటినుంచి అంటే నాలుగు నెలల నుంచి అట. నాలుగు నెలలూ దాచిపెట్టాడు. "బాగున్న, బాగున్న అన్కుంటనే అచ్చిండన్నా."

మానిటర్ బటన్ నొక్కి తెర ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో. ఆ బొమ్మలు ఆమెకేం తెలుసు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"గంత పెద్ద కంపెనీ వీసా ఉండంగ గీ చిన్నదానికి ఎందుకు పోయిండో... ఎవలు చెప్పిన్రో ఏమో."

"దరఖాస్తు రాద్దాం చెల్లె" అన్నాను.

"నీకు గాక ఇంకెవలకు చెప్పుకోవాలన్నా" అంది.

చెప్పింది నేనే.

జూన్ 4, మంగళవారం

రాయాలి. ఈ పుస్తకం ఎవరూ తెరవరు కాబట్టి రాయాలి.

ఏడాదిన్నర కిందటి మాట. జగిత్యాల ఏజెంటు మల్లేశానికి రెండు వీసాలు చూపించాడు. ఒకటి పెద్ద కంపెనీ — వేలమంది, క్యాంపు, పనికి పోవడానికి బస్సులు. రెండోది అల్యూమినియం కిటికీలు చేసే దుకాణం — ఒక సేటు, నలుగురు పనివాళ్ళు. తెల్లారి చెప్పాలన్నాడట. వాడు తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. నేను ఈ ఆటలో ఉన్నాను. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఏది మంచిదే అన్నా?"

నాకు తెలియదు అనొచ్చు. ఆ ఒక్క మాట నా నోటికి పుట్టినప్పటినుంచి రాదు. కోరుట్ల బస్టాండు పక్కన పాస్‌పోర్టు ఫారాలు నింపేవాడిని. అన్నీ తెలిసినవాడినని పదిమంది అనుకుంటారు, నేనూ అనుకుంటాను. మానిటర్ వాడి వైపు తిప్పాను.

"గీ పెద్దది సూడు. యాభై మంది. మునగనీకె ఎంతసేపు పడతదో... దూరం కెల్లే దొరుకుతది. చిన్నది బుడుంగున మునుగుతది, ఎవ్వని కంటికి ఆనది. కంపెనీలు గూడ గంతే. పెద్ద తాన నువ్వో నంబరువు. చిన్న తాన సేటు పేరు పెట్టి పిలుస్తడు, బాధ చెప్తె ఇంటడు."

వాడు నవ్వాడు. "గిన్ని సముద్రాలు తిరిగినవ్. నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తదే!"

నేను సముద్రం చూడలేదు. ధర్మపురి దగ్గర గోదావరి — నేను చూసిన పెద్ద నీళ్ళు అవే. ఆ రోజు ఎంత గర్వంగా ఇంటికి పోయానో గుర్తుంది. థూ.

జూన్ 6, గురువారం

ఆట ముట్టలేదు.

అబద్ధం. పది నిమిషాలు ముట్టాను.

జూన్ 8, శనివారం

మల్లేశం ఫోన్. వీడియో వద్దన్నాడు. మనిషి ఎట్లా అయ్యాడో.

"తింటున్నవార?"

"పక్క హోటలాయన ఇస్తున్నడే. మంచోడు. పొద్దుగాల్ల గిన్నెలు కడిగిపెడుతున్నం."

పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి రావడానికి ఔట్‌పాస్ అనే కాగితం ఇస్తారు. దానికి ఇక్కడ భార్య సంతకంతో దరఖాస్తు పోవాలి, జగిత్యాల నుంచి హైదరాబాదుకి, అక్కడినుంచి ఇంకెక్కడికో. అదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నేను పెద్దమనిషిని. చెప్పడం అయిపోయింది.

అప్పుడు వాడే అన్నాడు — "అన్నా, లతతోని నీ ముచ్చట తియ్యలే నేను. చిన్న వీసా నేనే ఏరుకున్న అని చెప్పిన. నువ్వు గూడ అనకు."

"సరే" అన్నాను.

సరే! తప్పు నాది, దాన్ని మోసేది వాడు, నేనేమో సరే అంటున్నాను. తప్పయిందిరా అని ఎందుకు రాలేదు నోట్లోంచి? సబ్‌మెరైన్ల గురించి అయితే గంట మాట్లాడతాను.

జూన్ 10, సోమవారం

లతతో జగిత్యాల వెళ్ళాను. సోమవారాలు కలెక్టరాఫీసులో దరఖాస్తులు తీసుకుంటారు. అంతా గల్ఫ్ వాళ్ళే. పక్కన గొల్లపల్లి నుంచి వచ్చిన ముసలామె — కొడుకు ఫొటో కొంగున కట్టుకుని వచ్చింది, విప్పి అందరికీ చూపిస్తోంది. గుమాస్తా మంచిగానే మాట్లాడాడు. అఫిడవిట్ లేదు, భర్త ఎట్లా పోయిందీ ఎవరి ద్వారా పోయిందీ వివరంగా రాసి సంతకం పెట్టి తెమ్మన్నాడు. వచ్చే సోమవారం.

తిరుగు బస్సులో లత సంచీలోంచి సకినాలు తీసి చేతిలో పెట్టింది. "తినన్నా. పొద్దటి సంది ఏం తినకపోతివి." బీడీల ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి. "మా ఆయన ఎప్పుడు గదే అంటడు. అన్న చెప్పంది ఏ పని చెయ్యద్దు అని."

సకినం గొంతులో అడ్డం పడింది. దగ్గుతుంటే నీళ్ళ సీసా కూడా ఆమే ఇచ్చింది.

జూన్ 12, బుధవారం

రాజేశం వచ్చాడు దుకాణానికి. మల్లేశం వద్దన్న పెద్ద కంపెనీ వీసా మీద పోయింది వీడే. సెలవు మీద వచ్చాడు. బుగ్గలు వచ్చాయి.

"ఎట్లుందిర అక్కడ?"

"ఏముందే. బస్సెక్కు, దిగు, పని చెయ్యి. ఏడాదిన్నరల ఒక్కడు నా పేరు పెట్టి పిల్వలే. నంబరే."

ఒక్క క్షణం — ఒక్క క్షణమే — నాకు సంతోషమైంది. నేను చెప్పింది నిజమే కదా, అని. వెంటనే వాడు అన్నాడు, "గని మెస్సుల అన్నం ఉంటది. ఒకటో తారీఖు జీతం పడ్తది. ఇంకేం కావాలె?"

ఫొటోలు ప్రింటు తీసి ఇచ్చాను. మల్లేశం గిన్నెలు కడుగుతుంటే నాకు సంతోషం! ఎట్లాంటి మనిషిని నేను?

జూన్ 13, గురువారం

సుజాతతో చెప్పాను. పెళ్ళయి పదకొండేళ్ళు, ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడకుండా వినలేదు. విని, చింతపండు పిసుకుతూనే అంది —

"లతకు చెప్తవా ఏంది?"

"చెప్పాలె గదా."

"చెప్పకు. నీ కడుపు సల్లబడ్తది, ఆమె కడుపు మండుతది. ముందుగాల గా మనిషిని ఇంటికి రానియ్యి. గప్పుడు కాళ్ళు మొక్కుతవో, ముక్కు నేలకు రాస్తవో నీ ఇష్టం."

సరైన మాట. రాసుకుంటున్నాను కూడా. సరైన మాట.

జూన్ 15, శనివారం

చెప్పేశాను.

లత అఫిడవిట్ రాయించుకోవడానికి వచ్చింది. టైపు చేస్తున్నాను. నా భర్త ఫలానా, ఫలానా తేదీన... ఎవరి సలహా మీద పోయాడు అన్న దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. "ఆయన సొంత ఇష్టంతోనే అని రాయన్నా" అంది. నా వల్ల కాలేదు. మానిటర్ ఆమె వైపు తిప్పాను. ఆట తెరిచాను. ఆ రోజు వాడికి చూపించినట్టే రెండు బొమ్మలూ చూపించి, చెప్పిందంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, అదొకటి.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. బొమ్మల్నే చూస్తోంది.

"గీ చిన్నదాంట్ల తిండి ఎన్నొద్దులకు ఉంటది?"

నాకు తెలియదు. రెండేళ్ళుగా ఆడుతున్నాను, ఆ లెక్క ఉన్న పేజీ ఎప్పుడూ తెరవలేదు. ఆమె చూస్తుండగా తెరిచాను.

"నెల... నెలకు తక్కువనే."

"పెద్దదాంట్ల?"

"మూడు నెలలు."

"చిన్నది దూరం పోతె?"

"నూనె అయిపోతది. నడిమిట్ల ఆగిపోతది."

"నువ్వెన్నడన్న దూరం తీస్కపోయినవా దాన్ని?"

"లేదు చెల్లె. ఒడ్డు పొంటే తిప్పేది." ఆగిపోయిన చోట నా సలహా మీద అని కొట్టి ప్రింటు నొక్కాను.

లేచింది. చెప్పులు వేసుకుంది. అన్నా అనలేదు, పోతా అనలేదు. ప్రింటరులోంచి కాగితం అప్పుడే బయటికి వస్తోంది. సంతకం లేకుండా అక్కడే ఉండిపోయింది.

జూన్ 16, ఆదివారం

లతకు ఆరుసార్లు ఫోన్ చేశాను. స్విచాఫ్.

జూన్ 17, సోమవారం

జగిత్యాల పోలేదు. సంతకం లేని కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి. ఒక వారం పోయింది. వాడి వారం అది, నాది కాదు.

జూన్ 18, మంగళవారం

మల్లేశం. మొదటిసారి వాడి గొంతులో కోపం.

"ఏం పని చేస్తివే అన్నా? ఏడాదిన్నర దాచిపెట్టిన నేను. నువ్వొక్క పూటల కక్కేస్తివి."

"నా మనసు నిలవలేదుర..."

"నీ మనసుకేందే! నీ మనసు మంచిగనే ఉన్నది ఇప్పుడు. ఆమె సిరిసిల్ల పోయింది, అవ్వగారింటికి. నాతోని గూడ మాట్లాడ్తలేదు. నీ మాటతోని మునిగిన అని నాకు కోపం లేదు. గని దరఖాస్తు ఎవలు చేస్తరే ఇప్పుడు?"

ఇంకో సంగతి కూడా చెప్పాడు. సిరిసిల్లలో ఎవడో మల్లేశాన్ని వారంలో ఇంటికి తెప్పిస్తానని లత వాళ్ళ నాయనతో అన్నాడట. కాగితాలన్నీ వాడికి ఇద్దామని చూస్తున్నారట. వాడెవడో ఎవరికీ తెలియదు. నన్ను నమ్మి మోసపోయిన మనిషి నా మీది కోపంతో ఇంకొకణ్ణి నమ్మబోతోంది. ఇదీ నేను చేసిన పనే.

సుజాత చెప్పింది అక్షరాలా జరిగింది. నేను ఆమెకు నిజం ఇచ్చాననుకున్నాను. ఇవ్వలేదు. నా బరువు దించుకుని ఆమె నెత్తిన పెట్టి వచ్చాను.

జూన్ 20, గురువారం

సిరిసిల్ల. వేములవాడ దగ్గర బస్సు మారాను, జనం, నిలబడే పోయాను. వాళ్ళ గల్లీ అంతా సాంచెల చప్పుడు, ఇంటింటా మరమగ్గాలే. లత నాయన మగ్గాల మధ్య నిలబడి ఉన్నాడు, నన్ను చూసి కూడా నాలుగు మగ్గాల్లో ఒక్కటీ ఆపలేదు. ఆ మోతలో మాట్లాడాలంటే అరవాలి. క్షమాపణ అరిచి చెప్పడం ఎట్లా? కాగితాల కవరు పైకెత్తి చూపించాను.

లత బయటికి వచ్చింది. గడప దాటలేదు.

"సంతకం ఒక్కటే చెల్లె. సోమవారం ఇవ్వాలె. నన్ను ఎంతన్న అను, తర్వాత అను. గా తెల్వనోనికి మాత్రం కాగితాలు ఇయ్యకు."

"తెల్వనోనికి ఇయ్యద్దా?" అంది. "తెలిసినోనికే గదన్నా ఇచ్చింది పోయినసారి."

కవరు తీసుకుంది. పెన్ను ఇవ్వబోయాను.

"వద్దు. ఇంకొకలతోని సదివించుకుంట. ఏం రాసినవో తెల్వాలె గదా."

నేను చదివి వినిపిస్తా అనబోయి నోరు మూసుకున్నాను. ఆమెదే న్యాయం. ఇన్నాళ్ళూ ఎన్ని వందల మంది నేను నింపిన ఫారం కింద చదవకుండా సంతకం పెట్టిపోయారు... ఒక్కరిని కూడా చదువుకో అనలేదు నేను. వాళ్ళ నాయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

జూన్ 21, శుక్రవారం

ఆట తీసిపారేద్దామనుకున్నాను. తీసేస్తే? దుబాయిలో ఆ షట్టర్ తెరుచుకుంటుందా? అదీ నా ఊరట కోసమే. ఉండనీ.

జూన్ 23, ఆదివారం

ఫోన్ లేదు. నేను చేయలేదు. చేస్తే తొందర పెట్టినట్టు, చేయకపోతే పట్టనట్టు. లతకు సుజాత చేసింది, పక్క గదిలోకి పోయి. చాలాసేపు మాట్లాడింది. ఏమంది అని అడిగితే, "రేపు జగిత్యాలకు పో. అస్తె అస్తది" అంది. అంతే.

జూన్ 24, సోమవారం

పొద్దున తొమ్మిదికే వచ్చి వరుసలో కూర్చున్నాను. చేతిలో చీటీ, నలభై ఒకటో నంబరు. మోకాలి మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. సిరిసిల్ల నుంచి వచ్చే బస్సులు దిగి జనం గుంపులుగా గేటు లోపలికి వస్తున్నారు, ప్రతి గుంపుకీ లేచి చూస్తున్నాను. కొంగున ఫొటో కట్టుకున్న ముసలామె మళ్ళీ వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. "నీ చెల్లె రాలేదా కొడుకా?" అంది. వస్తుందన్నాను.

పదకొండు. మల్లేశం మెసేజి పెట్టాడు, మాట రూపంలో. చెవికి ఆనించి విన్నాను.

"అన్నా, ఇక్కడ ఇంకో సేటు పనికి రమ్మంటున్నడు. కాగితాలు లేకున్న నడుస్తది అంటున్నడు. ఇయ్యాల సాయంత్రం వరకు చెప్పాలె. పోవాల్నా, ఔట్‌పాస్ కోసం ఆగాల్నా? కోపంల ఏదో అన్న, మనసుల పెట్టుకోకు. నువ్వెట్ల అంటె గట్ల చేస్తనే."

రెండుసార్లు విన్నాను. ఇంత జరిగాక కూడా నన్నే అడుగుతున్నాడు, పిచ్చోడు. పోవద్దురా, మళ్ళీ ఇరుక్కుంటావ్ — నాలుక చివర ఉంది. ఆగమంటే? ఇక్కడ సంతకమే లేదు. ఎన్నాళ్ళు ఆగమనాలి, ఏం తిని ఆగమనాలి?

"నాకు తెలియదురా. లతను అడుగు" అని టైపు చేశాను. కాసేపు చూసి పంపాను. రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు.

లోపల ముప్ఫై తొమ్మిది అని పిలిచారు. ముసలామె లేచింది. గేటు దగ్గర మళ్ళీ గుంపు. ఆకుపచ్చ చీర... కాదు, ఎవరో.

నలభై.