సమాధి మీద గోలీసోడా

పాస్టరయ్యగారికి వందనాలు.

మా నాయన సమాధిరాయి మీద చెక్కినది బ్రాందీ సీసా కాదు, గోలీసోడా సీసా. ఆయన కోయిలకుంట్లలో సోడాబండి తోసి మమ్మల్ని సాకాడు. మందు ముట్టలేదు. ఇప్పుడు నవ్వేవాళ్ళంతా ఆయన సోడా తాగినవాళ్ళే.

తప్పు ఆళ్ళగడ్డ శిల్పిది. గోలీసీసాను ఎన్నడూ చూడని మనిషి, గోలీ ఆగే నొక్కు లేకుండా మెడను నున్నగా చెక్కాడు. రాయి పీకేస్తామంటున్న సంఘపెద్దలను మీరు ఆదివారం దాకా ఆపండి. మెడ సరిచేయించి, గోలీ కూడా చెక్కిస్తాను.

గోలీ మూతిని మూసినట్టుండాలా, తాగడానికి కిందికి నొక్కినట్టుండాలా అని శిల్పి అడిగాడు. మా అమ్మ ఆలోచించనైనా లేదు.

"మూసే పెట్టప్పా. ప్రభువొచ్చి ఆయన్ను లేపేదాకా గ్యాసు పోగూడదు."

ఇట్లు,
సోడాల శాంతయ్య కొడుకు